చెయ్యి ఊపితే చాలు

“రేపట్నించి ఆటలో బటన్లుండవు. నువ్వూ వేరే చోటు చూసుకో ప్రవీణ్,” అన్నాడు హేమంత్‌కుమార్.

బెళ్ళందూరులోని ఆ వీడియో గేముల కంపెనీకి ఆయన యజమాని. పదిహేనేళ్ళ కిందటి గోలీ ఆటను మళ్ళీ విడుదల చేస్తున్నాడు. వంకర దారుల్లో గోలీని నడిపించి గుంటలో వెయ్యాలి, అంతే ఆట. పాతది బటన్లు నొక్కి ఆడేవారు. అదే సరుకును రెట్టింపు ధరకు అమ్మాలంటే ఏదో ఒక కొత్తదనం చూపించాలి కదా! అందుకని రిమోటు పట్టుకుని చెయ్యి ఎటు వంచితే గోలీ అటు పోయేలా చేయించాడు. అదీ, గోలీకి మనసైనప్పుడు.

బటన్ల పని మొదటినుంచీ ప్రవీణ్‌దే. ఆ పనే అతనికి అన్నం పెడుతోంది. చెయ్యి ఊపితే గోలీ మాట వినదని, కొన్నవాళ్ళు తిడతారని, బటన్లు కూడా ఉండనివ్వమని బతిమాలాడు.

“ఆ కాలం అయిపోయిందప్పా,” అన్నాడు యజమాని.

ఆ రోజు ఆయుధపూజ. ఆఫీసు బాగోగులు చూసే నరసింహప్ప కంప్యూటర్లకూ రిమోట్లకూ బటన్ల ప్యాడ్‌లకూ కుంకుమబొట్లు పెట్టి, పూజకు పెట్టినవి ఇవాళ ఎవరూ ముట్టుకోకూడదని అందరికీ చెప్పి వెళ్ళాడు. మంచిరోజు కదా అని హేమంత్‌కుమార్ ఆ మధ్యాహ్నమే, ఊళ్ళో పది గేముల దుకాణాలున్న లావణ్యను ఆట చూడటానికి పిలిచాడు.

ఆవిడ కూర్చోగానే ఆయన బొట్టుతో సహా రిమోటు అందుకుని టీవీ ముందు నిలబడ్డాడు. వెనక వరసలో ప్రవీణ్, ఒళ్ళో చేతిరుమాలు కింద బటన్ల ప్యాడ్ దాచుకుని కూర్చున్నాడు. రెండూ వైరు లేనివే. తానే గోలీని గుంటలో వేసి, అందరి ముందూ ప్యాడ్ పైకెత్తి చూపించాలని అతని పంతం. అతనికి భయంగానే ఉంది. కానీ ఉద్యోగం నిలబెట్టుకోవడానికి ఇంకో దారి తోచలేదు.

గోలీ కదిలింది. హేమంత్‌కుమార్ ఎడమకు వంగాడు, కుడికి వంగాడు, ఒక మలుపు దగ్గర ఒంటికాలి మీద నిలబడ్డాడు. వెనక ప్రవీణ్ బొటనవేళ్ళు ఎడాపెడా నొక్కేస్తున్నాయి. ఒక్క తప్పు లేకుండా గోలీ గుంటలో పడింది. లావణ్య చప్పట్లు కొట్టింది.

“చూస్తిరా మేడమ్, చెయ్యి ఊపితే చాలు,” అన్నాడాయన చెమట తుడుచుకుంటూ.

ప్రవీణ్ లేచి ప్యాడ్ పైకెత్తాడు. “గోలీని నడిపింది నేను సార్. బటన్లతో.”

ఇంకేముంది, ఇద్దరూ చేతిలోవి బల్ల మీద పడేసి వాదులాటకు దిగారు. తన నడుంనొప్పే సాక్ష్యం అన్నాడాయన. తన బొటనవేళ్ళను చూడమన్నాడితను. లావణ్య మాత్రం టీవీ వైపే చూస్తోంది. అక్కడ గోలీ రెండో గుంటలోనూ పడి, మూడోదానికి బయల్దేరింది.

అంతలో నరసింహప్ప బొరుగుల ప్రసాదం తెచ్చి, బల్ల మీదున్న రిమోటునూ ప్యాడ్‌నూ చూసి నొచ్చుకున్నాడు.

“ఆట చూడాలంటే చూడండి సార్, ఎవరూ ఆడనప్పుడు వచ్చే డెమో అది, పొద్దున్నించీ దానంతటదే ఆడుకుంటా ఉండాది. ముట్టొద్దంటే మీరెవరూ వినరని తెలిసే, అన్నిట్లోనూ సెల్లులు తీసేసి దేవుడి ముందర పెట్టినా.”