కూర్చోండి సార్!

నేను కుర్చీలోంచి లేస్తే చాలు, మా లైబ్రరీలో నాలుగు కౌంటర్ల దగ్గర నాలుగు తలలు ఒక్కసారిగా పైకి లేచేవి.

"అయ్యో, ఎక్కడికి సార్? కూర్చోండి! టీ మేం తెస్తాంగా!"

అద్దాల గదిలో కూర్చునే సూపరింటెండెంటుని నేను. ఇంతగా ప్రేమించే సిబ్బంది ఇంకెవరికైనా ఉంటారా అని మురిసిపోయేవాణ్ణి. లైబ్రరీ మొత్తానికి పెద్ద కంప్యూటర్ కూడా నా గదిలోనే పెట్టారు. దాంతో నేను చేసేదల్లా రోజుకి రెండు ఉత్తరాలు టైపు చేసుకోవడం. అయినా గౌరవం గౌరవమే కదా!

నాకో మంచి అలవాటుంది. మంచిదని నేనే అంటాను. గదిలోంచి కదిలితే లైటు, ఫ్యాను, కంప్యూటర్, అన్నీ టకటకా ఆపేస్తాను. గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుంటాను. ఒకసారి మూడో కౌంటరు అమ్మాయి "ఆన్‌లోనే ఉంచి వెళ్ళండి సార్" అనబోయింది. కరెంటు పొదుపు మీద అరగంట క్లాసు పీకాను. మళ్ళీ ఎవరూ నోరెత్తలేదు.

నాకు జ్వరమొచ్చిన రోజున పదిన్నర కాకముందే ఇద్దరు పళ్ళ సంచితో ఇంటికి పరుగెత్తుకొచ్చారు.

"మీరు లేకపోతే ఏ పనీ సాగట్లేదు సార్," అన్నాడు ఒకటో కౌంటరు గుమాస్తా, కళ్ళనీళ్ళ పర్యంతమై. "మీ గది ఊడిపిస్తాం, తాళంచెవి ఇస్తారా?"

ఇచ్చాను. మంచినీళ్ళయినా తాగకుండా వెళ్ళిపోయారు.

"జ్వరం ఎంతుందని కూడా అడగలేదేంటండీ?" అంది మా ఆవిడ.

"నీకు మనుషుల విలువ తెలీదు," అన్నాను.

అలాంటప్పుడు నాకు ప్రమోషన్ వచ్చింది. వేరే ఊళ్ళో పెద్ద లైబ్రరీ, దాంతోపాటు క్వార్టర్సు. మా ఆవిడ పన్నెండేళ్ళుగా ఇద్దరు పట్టని వంటగదిలో వండుతోంది. ఆ క్వార్టర్సు వంటింటికి రెండు కిటికీలున్నాయని ఎవర్నో అడిగి తెలుసుకుంది. కర్టెన్ల కొలతలు కూడా రాసిపెట్టుకుంది.

రెండు రోజులు ఆలోచించాను. నేను వెళ్ళిపోతే ఈ నలుగురూ ఏమైపోతారు? తలుచుకుంటేనే గుండె తరుక్కుపోయింది. సోమవారం పొద్దున ఆ హడావిడిలో గదికి తాళం వేయడం కూడా మరిచి మేడ మీదికెళ్ళి, ప్రమోషన్ వద్దని పై అధికారికి కాగితం రాసిచ్చేశాను. మా ఆవిడకి ఫోన్ చేసి చెప్పాను. నా మాట పూర్తికాకముందే ఫోన్ పెట్టేసింది.

కిందికి వచ్చేసరికి కంప్యూటర్ మెకానిక్ ఒకాయన నా గదిలో వైర్లు సర్దుతున్నాడు. నేను పట్టించుకోలేదు. నా త్యాగం సంగతి ఆ నలుగురికీ ఎలా చెప్పాలా అన్న ఆలోచనలో ఉన్నాను.

టీ వేళకి కావాలనే కుర్చీ చప్పుడు చేస్తూ లేచాను. ఒక్క తలా పైకి లేవలేదు. దగ్గాను. స్విచ్చులన్నీ ఆపి, తాళం గట్టిగా వేశాను. మూడో కౌంటరు అమ్మాయి పుస్తకాల మీద ముద్రలు కొట్టుకుంటూనే ఉంది.

మెకానిక్ గుమ్మం దగ్గర తన సంచి సర్దుకుంటున్నాడు.

"వీళ్ళకేమైందయ్యా ఇవాళ?" అన్నాను.

"ఇన్నాళ్ళూ నాలుగు కౌంటర్ల డేటాబేసూ మీ కంప్యూటర్లోనే ఉండి, మీరు లేచి స్విచ్ ఆపినప్పుడల్లా అందరి పనీ ఆగిపోయేదట సార్, పొద్దునే దాన్ని కొత్త సర్వర్‌లోకి మార్చేశాను, ఇక మీరు నిశ్చింతగా ఎక్కడికైనా వెళ్ళొచ్చు!"