పాలగిన్నె

నవత నడక చూడగానే ఎస్తేర్ సిస్టర్‌కు అనుమానం వచ్చింది. నిన్న కాన్పయిన పిల్ల దవాఖాన మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతుందా?

సిద్దిపేటలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డు అది. నవత వాళ్లు తెచ్చిన మగబిడ్డ అద్దాల పెట్టెలో ఉన్నాడు. కిలో బరువు. రాయపోల్ అవతల ఏదో ఊళ్లో, ఇంట్లోనే కాన్పయిందట.

"ఇప్పుడు ఇంట్ల కాన్పులేంది?" అని అడిగింది ఎస్తేర్.

"నొప్పులు జల్దిన వచ్చినయ్ సిస్టర్" అంది నవత. లేడీ డాక్టర్ పరీక్ష చేస్తానంటే మాత్రం, నాకేం కాలేదంటూ తప్పించుకుంది. కాసేపటికి వరండాలో చల్లటి సోడా తాగుతూ కనిపించింది. పచ్చి బాలింత సోడా తాగుతుందా? ఎస్తేర్‌కు అనుమానం పుట్టిందంటే ఇక అన్నం సహించదు.

అత్త కిష్టవ్వ తీరు ఇంకా వింత. తొందరగా అత్తయిన మనిషి, ముసలిదేం కాదు. అయినా దుప్పటి కప్పుకుని గోడకు ఒరిగి కూర్చుంటుంది. ఎవరైనా దగ్గరికొస్తే మొహం దాచుకుంటుంది. మామ లింగమూర్తి గేటు దాటి లోపలికే రాడు. మనవడు పుడితే మిఠాయి పంచాల్సినవాడు, దొంగతనం చేసినట్టు తల దించుకుని తిరుగుతున్నాడు.

దొంగతనం! ఆ మాట తట్టగానే ఎస్తేర్ ఒళ్లు ఝల్లుమంది. కోడలికి పిల్లలు కాలేదేమో. ఎవరి బిడ్డనో ఎత్తుకొచ్చారేమో.

మధ్యాహ్నానికి బిడ్డ డబ్బాపాలు కక్కేశాడు. మొహం వాడిపోయింది. డాక్టర్ వచ్చి చూసి, "తల్లిపాలే పట్టాలె. లేకుంటే కష్టం" అని చెప్పి వెళ్లాడు.

ఎస్తేర్ వేడినీళ్లలో మరిగించిన స్టీలు గిన్నె తెచ్చి నవత చేతిలో పెట్టింది.

"ఈ గిన్నెల పాలు పిండు."

నవత గిన్నె వంకే చూస్తూ నిలబడింది. "పాలు పడలే సిస్టర్."

"పడలేదా, అసలుకే లేవా? నిజం చెప్పు. వాడు నీ కొడుకేనా?"

నవత గోడవారనున్న అత్త వైపు చూసింది.

"ఎవల బిడ్డను ఎత్తుకొచ్చిన్రు? కన్నతల్లి యాడ ఏడుస్తుందో. పాలు లేక ఆ పసిపానం పోతే పాపం ఎవలది?" ఎస్తేర్ ఫోన్ తీసింది. "పోలీసోళ్లనే పిలుస్త. వాళ్లే తేలుస్తరు."

దుప్పటిలోంచి కిష్టవ్వ ఏడుపు వినిపించింది. "చెప్పకు బిడ్డా. ఊళ్లె తలెత్తుకోలేం."

నవతకు భయం వేసింది. అంతకన్నా ఎక్కువ జాలి వేసింది. పెట్టెలో వాడు నోరు తెరిచి మూస్తున్నాడు.

"ఫోన్ చెయ్యకుండ్రి సిస్టర్" అంటూ నవత ఆ గిన్నె తీసుకుపోయి అత్త ఒళ్లో పెట్టింది. "వాడు నాకు మరిది."