మూడేండ్ల గ్యారంటీ

"ఆర్నెల్ల గ్యారంటీ ఎందుకు భాయ్? మూడేండ్లు గావాలె," అంది జంగమ్మ.

నర్సప్ప గతుక్కుమన్నాడు. తాండూరు మెకానిక్ జమాల్ తన పాత అంబాసిడర్‌ను అగ్గువకు అమ్ముతున్నాడు. దాన్ని కొని బషీరాబాద్‌లో కిరాయికి తిప్పాలని నర్సప్ప ఆశ. బేరం కుదిరే వేళకు భార్య అడ్డుపుల్ల వేసింది. అప్పటిదాకా లోపల జమాల్ భార్య హాజిరాబీతో చాయ్ తాగుతూ కూర్చున్న మనిషి, బయటికి వస్తూనే ఈ పాట ఎత్తుకుంది.

జమాల్ దగ్గు ఆపుకున్నాడు. "మూడేండ్లంటే నేనుండాలె గద చెల్లె."

"గదంతా నాకు దెల్వదు. కారు ఆగితే నువ్వే వచ్చి మంచిగ జెయ్యాలె. ఊరికే వద్దు, పైసలిస్త."

జంగమ్మ కొంగు ముడి విప్పి ఆకుపచ్చ దస్తీ మూట తీసింది. అత్తరు వాసన గుప్పుమంది.

నర్సప్ప ఆమెను పక్కకు పిలిచాడు. "నీకేమన్న పిచ్చి లేసిందా? అనంతగిరి టీబీ దవాఖానకు పొమ్మని డాక్టర్ చెప్తే పోతలేడట. దుకాణం సుత బంద్ పెడుతున్నడు. గసొంటి మనిషి గ్యారంటీ ఎన్నొద్దులొస్తది?"

"గ్యారంటీ లేకుంటే కారొద్దు."

ఆడదాని పంతం ముందు నర్సప్ప ఎన్నడు గెలిచాడు గనుక?

తాండూరు బండ నీళ్ల మీద తేలుతుందేమో గాని జమాల్ మాట తప్పడు. ఆ సంగతి చుట్టుపక్కల అందరికీ తెలుసు. అందుకే అతను అంత తొందరగా మాట ఇవ్వడు. కారు బానెట్ మీద చెయ్యేసి చాలాసేపు నిలబడ్డాడు. ఆఖరికి వచ్చి నర్సప్ప చేతిలో చెయ్యి వేశాడు.

"సరే. మూడేండ్లు. జబాన్ ఇచ్చిన."

తర్వాత తనలో తాను నవ్వుకున్నాడు. "ఇగ రేపే అనంతగిరికి పోవాలె. నేను మంచిగుంటెనే గద, నీ కారు మంచిగుండేది."

కిటికీ పరదా కొద్దిగా కదిలింది. జంగమ్మ అటు చూసి తలూపింది.

ఊరి దారి పట్టాక నర్సప్ప సణుగుడు మొదలుపెట్టాడు. "నాకు దెల్వకుంట గన్ని పైసలు ఎప్పుడు దాచినవే?"

జంగమ్మ కళ్లు తుడుచుకుంది.

"నేనెక్కడ దాచిన? హాజిరాబీ ఇచ్చింది."