నత్త కారు

"మళ్ళీ తగలడ్డాడు పిన్నీ, చూడు!"

డ్రైవరమ్మ హారన్ మీద చెయ్యి వేసి తియ్యలేదు. ముందున్న పాత తెల్లకారులో మాత్రం చలనం లేదు.

చిన్నపిల్లల బడి బస్సు అడవి దారి ఎక్కే చోట, ఆ కారు రోజూ ఎక్కడినుంచో ఊడిపడుతుంది. సరిగ్గా బస్సు ముందుకే. ఇక అక్కడినుంచి పెళ్ళినడక.

రోడ్డు చూస్తే ఇరుకు. నడిపే ముసలాయన చూస్తే నట్టనడుమ.

"పెద్దాయనా, కాస్త పక్కకి జరగవయ్యా!" కిటికీలోంచి తల బయటికి పెట్టి అరిచింది.

కారులోంచి ఒక చెయ్యి బయటికొచ్చి, ఆగమన్నట్టు ఊగింది. కారు ఆగిపోయింది.

చెట్లలోంచి ఒక దుప్పి వచ్చి, రోడ్డు దాటి, అవతలి పొదల్లో కలిసిపోయింది.

కారు కదల్లేదు.

"దాటేసిందిగా మహానుభావా! ఇంకా దేనికి, అది వెనక్కొచ్చి టాటా చెబుతుందనా?"

పిల్లలు పగలబడి నవ్వారు. ఆమెకి ఏడుపొక్కటే తక్కువ.

అడవి దాటగానే కారు బుద్ధిగా పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది. రోజూ ఇదే తంతు.

"ఆ ఇచ్చేదేదో ముందే ఇచ్చి ఏడవొచ్చుగా!"

"ఊళ్ళోకి కూడా రాడమ్మాయ్," అంది ఆయా పిన్ని. ఆవిడా డ్రైవరమ్మతోపాటే ఈ ఏడు కొత్తగా చేరింది. "ఇక్కడినుంచే వెనక్కి తిప్పుకుని పోతాడు. నిన్న చూశాను."

"అంటే పనీపాటా లేక, నా ప్రాణం తోడెయ్యడానికే వస్తున్నాడన్నమాట!"

బడి చేరేసరికి బెల్లు మోగి చాలాసేపయింది. మేనేజరు గేటు దగ్గరే కాచుకుని ఉన్నాడు.

"మళ్ళీ లేటా?"

"ముందు ఆ కారు సార్..."

"నిన్నా కారే, మొన్నా కారే. ఇంకోసారి ఈ కథ చెబితే బస్సు తాళాలు ఇచ్చేసి ఇంటికెళ్ళు."

ఇంట్లో కాలు విరిగి కూర్చున్న మొగుడు. ఆమె జీతం వస్తేనే పొయ్యి వెలిగేది. ఎవడో ముసలాయన సరదాకి అది ఆరిపోవాలా?

ఒళ్ళు మండి, ఆ సాయంత్రమే లైసెన్సులిచ్చే ఆఫీసుకి వెళ్ళింది.

"ఆ పెద్దాయనకి చూపు ఆనదు సార్. చేతులు వణుకుతాయి. ఎవరో ఒకరు పోయేదాకా చూస్తూ కూర్చుంటారా?"

ఆయన కళ్ళని ఆమె దగ్గరగా చూసిందే లేదు. అదంతా కడుపుమంట పలికించింది.

వయసు చూసి వాళ్ళూ నమ్మారు. పిలిపించి లైసెన్సు రద్దు చేశారు.

అడవి దారి ఖాళీ అయింది.

"పీడ విరగడైంది పిన్నీ!"

బస్సు బెల్లు కన్నా ముందే చేరింది. మొహం ముడుచుకునే మేనేజరు నవ్వాడు కూడా.

ఆ సంబరం వారం నిలవలేదు.

మలుపు తిరగగానే దుప్పి అడ్డొచ్చింది. ఆమె బ్రేకు తొక్కింది. అది ఒక్క గెంతులో దాటిపోయింది. హమ్మయ్య అనుకుని మళ్ళీ వేగం అందుకుంది.

దాని వెనకే రెండోది వచ్చింది.

ముందు అద్దం పగిలి లోపలికి కురిసింది. బస్సు పక్కనున్న గోతిలోకి ఒరిగింది. దేవుడి దయ, పిల్లలు గీతలతో బయటపడ్డారు. ఆయా పిన్ని చెయ్యి విరిగింది. డ్రైవరమ్మ నుదుటికి కుట్లు పడ్డాయి. దుప్పి రోడ్డు మీద కొట్టుకుని కొట్టుకుని చచ్చిపోయింది.

ఒకటి దాటాక కూడా ముసలాయన ఎందుకు ఆగేవాడో ఆసుపత్రి మంచం మీద ఆమెకి తలకెక్కింది.

మర్నాడు ఆసుపత్రి నుంచి పంపించగానే ఇంటికి పోకుండా ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. అడవి మొదట్లోనే ఉందా ఇల్లు. తెల్లకారు మీద దుమ్ము పేరుకుంది.

తలుపు తీసిన ముసలావిడ ఆమె నుదుటి మీది కట్టు చూసి, గబగబా చెయ్యి పట్టుకుని లోపల కూర్చోబెట్టింది.

"బస్సు అమ్మాయివి కదూ?"

"అవునమ్మా. పెద్దాయన ఉన్నారా? ఆఫీసులో ఆయన మీద అబద్ధం చెప్పింది నేనే."

"తెలుసులే. వాళ్ళే చెప్పారు."

ఆమెకి తలెత్తే ధైర్యం లేకపోయింది. "నన్ను తిట్టుకుని ఉంటారు."

"తిట్టడమా? నిన్న సంగతి తెలిసిన దగ్గర్నుంచి కాలుగాలిన పిల్లిలా తిరిగారు. పొద్దున్నే నిన్ను చూడ్డానికని అడ్డదారిన ఆసుపత్రికి నడిచిపోయారు. కారు తియ్యకూడదు కదా మరి."

"నన్ను చూడ్డానికా? నేనేమవుతానమ్మా ఆయనకి?"

"బడివాళ్ళు నీకు చెప్పలేదన్నమాట." ముసలావిడ పక్కన కూర్చుంది. "రోజూ ఇంటికొచ్చి, 'ఇవాళ కూడా ఆ పిల్ల క్షేమంగా అడవి దాటిందే' అని నాతో అంటేగానీ మంచినీళ్ళు ముట్టేవారు కాదు. నీకు ముందు ఆ బస్సు నడిపింది మా అబ్బాయే తల్లీ, వాడు దాటలేదు."