కొండకోట బాడిగ

“నడుము పట్టుకున్నాదప్పా తిప్పేస్వామీ, ఒకసారి కాలు పెట్టి పో.”

పెనుకొండ ఆటోస్టాండు దగ్గర దోసెలు అమ్మే అంజనమ్మ బండి పట్టుకొని వంగి నిలబడింది. తిప్పేస్వామి సిగ్గుపడుతూనే చెప్పు విడిచి, ఆమె నడుము మీద పాదంతో మెల్లగా తట్టాడు. ఎదురుకాళ్ళతో పుట్టినవాడి కాలు తగిలితే నడుము పట్టు వదులుతుందని ఆ చుట్టుపక్కల నమ్మకం. తోటి డ్రైవర్లు డాక్టరు గారని ఎగతాళి చేస్తారు. డాక్టరు గారికి ఫీజు రెండు దోసెలు.

“బాగుండాదప్పా నీ వైద్యం,” అంటూ ఒకాయన దగ్గరికొచ్చాడు. తెల్లచొక్కా, మెడలో రుద్రాక్షలు. పేరు శ్రీరాములు, గైడునని చెప్పాడు. ఆయన వెనక మెడలో కెమెరాతో ఒక విదేశీ అమ్మాయి. పేరు క్లారా అట. స్పెయిన్ నుంచి వచ్చిందట. పాత కోటలంటే పడిచస్తుందట.

“దినమంతా బాడిగకు కావల్ల. గగన్ మహల్ చూసి, కొండమీదికి పోదాం.”

“వరుసలో ముందుండేది గిరి ఆటో సార్,” అన్నాడు తిప్పేస్వామి. స్టాండులో వరుస తప్పితే తన్నులాటే.

“గిరికి నేను చెప్తాలే. నాకు నీదే కావల్ల.”

పొద్దున్నే ఇంత మంచి బాడిగ దొరికిందని తిప్పేస్వామి మురిసిపోయాడు. ఆ మురిపెం గగన్ మహల్ దాకా కూడా నిలవలేదు. గతుకులో ఆటో ఎగిరిపడి, శ్రీరాములు సంచి నోరు తెరుచుకుంది. నిమ్మకాయలు, పసుపు, కుంకుమ, కొత్త తాడు. అడుగున ఒక పొట్టి గునపం.

గైడుకు గునపంతో ఏం పని?

కొండమీద రాజుల కాలం నాటి నిధి ఉందని పాత పుకారు. మంటపాల కింద ఎవరో తవ్విపోయిన గుంతలు గొర్రెల కాపర్లకు అప్పుడప్పుడూ కనిపిస్తుంటాయి. నిధి బయటపడాలంటే మనిషిని బలి ఇవ్వాలంటారు. ఎవరంటే వాళ్ళు పనికిరారట, తగిన మనిషే కావాలట.

తిప్పేస్వామి అద్దంలో క్లారాను చూశాడు. దేశం కాని దేశంలో ఒంటరి పిల్ల. మాయమైపోయినా ఇక్కడ వెతికే దిక్కు లేదు.

క్లారాకు ఇవేమీ పట్టలేదు. గగన్ మహల్ మెట్లెక్కి దిగింది. విరిగిన రాళ్ళకు కూడా ఫోటోలు తీసింది. శ్రీరాములు ఆమె నుదుట కుంకుమ దిద్దితే పకపకా నవ్వింది. అదే చేత్తో అతను తిప్పేస్వామికీ ఇంత బొట్టు పెట్టాడు.

మధ్యాహ్నం హోటల్లో తిప్పేస్వామి చికెన్ చెప్పబోతే శ్రీరాములు ఆపాడు. “ఈపొద్దు మాంసం ముట్టాకప్పా, కొండెక్కుతాండాము.” తియ్యటి ఓళిగలు తెప్పించి, దగ్గరుండి నెయ్యి పోయించాడు. “కొండకు పోతాండామని ఇంట్లో చెప్పినావా?”

“లేదు సార్.”

“మంచిది.”

తిప్పేస్వామి తినడం ఆపేశాడు. సాక్ష్యం లేకుండా చూసుకుంటున్నాడు దుర్మార్గుడు! శ్రీరాములు చేయి కడుక్కోవడానికి లేవగానే క్లారా వైపు వంగి, తనకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకున్నాడు.

“హిల్ నో మేడం. బ్యాడ్. గో బ్యాక్.”

“నో, నో! ఐ లవ్ హిల్!” అంది ఆ పిచ్చితల్లి.

ఆటో పాడైందని చెప్పి జారుకుందామా అనుకున్నాడు. భయంగానే ఉంది. కానీ మూడో తరగతి చదివే తన కూతురు గుర్తొచ్చింది. ఈ పిల్ల కూడా ఎవరి కూతురో కదా. వదిలిపోవడానికి మనసొప్పలేదు.

కొండమీద గాలి ఈలలు వేస్తోంది. కూలిన గోడలు, ముళ్ళకంపలు, తలలేని విగ్రహాలు. పొద్దు వాలేకొద్దీ చూడ్డానికొచ్చినవాళ్ళు ఒక్కొక్కరే దిగిపోతున్నారు. శ్రీరాములు ఫోన్ మాట్లాడుతూ మంటపం వెనక్కి పోయాడు.

సరిగ్గా అప్పుడే ఎర్రమంచి ఫ్యాక్టరీ వాళ్ళ కారు ఒకటి కిందికి బయల్దేరుతోంది. డ్రైవరు సంతోష్ తెలిసినవాడే. తిప్పేస్వామి పరుగెత్తాడు.

“సంతోషూ, ఈ పాపను హిందూపురం రైలుస్టేషన్ కాడ దించప్పా. ఏమీ అడగాక, నీ కాళ్ళు మొక్కుతా.”

“ఆటో బ్రేక్ ఫెయిల్ మేడం,” అని క్లారాను కార్లో కూర్చోబెట్టాడు. ఆమె కిటికీలోంచి చేయి ఊపింది. కారు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు.

వెనక్కి తిరిగేసరికి శ్రీరాములు ఆటోలో తాపీగా కూర్చొని ఉన్నాడు.

“ఆయమ్మను పంపించేసినావా? మంచి పని చేసినావప్పా. పొద్దుగూకతాండాది, ఎట్ల పంపల్లనా అని నేనే ఆలోచన చేస్తాంటి.”

కోపం లేదు, కసురు లేదు. తిప్పేస్వామికి సిగ్గేసింది. అనవసరంగా పెద్దమనిషిని అనుమానించానే అని నొచ్చుకున్నాడు.

“నా సంచి మంటపం కాడుండాది. ఒక చెయ్యి వేద్దువు, రాప్పా.”

ఆ సిగ్గుతోనే వెంట నడిచాడు.

మంటపం వెనక కొత్తగా తవ్విన గుంత ఉంది. చుట్టూ పసుపుకుంకాలు. గుంత పక్కన ఒక ముసలి స్వామి. రాళ్ళ చాటునుంచి ఇద్దరు మనుషులు లేచి దారికి అడ్డం నిలబడ్డారు. అయితే తన అనుమానం నిజమే! అయినా గెలిచింది తనే కదా. గట్టిగానే అన్నాడు.

“ఆయమ్మ ఎళ్ళిపాయ. ఇంక మీకు దొరకదు.”

ఎవరూ ఉలిక్కిపడలేదు.

ముసలి స్వామి టార్చి తీసి, వెలుగును తిప్పేస్వామి మొహం మీద కాకుండా పాదాల మీద వేసి, “ఎదురుకాళ్ళతో పుట్టినోడు వీడేనా శ్రీరాములూ?” అన్నాడు.