నేలలో కుండ

"లాగవే వితాలినా! హోటల్లో జనం ఆకలికి బల్లలు కొరుకుతున్నారు," అంది అత్త దేవొలిందా.

అజోరెస్ దీవుల్లో వాళ్ళ ఊరు. పొద్దున్నే మాంసం, క్యాబేజీ కుండకెత్తి, అగ్నిపర్వతం వేడికి పొగలు కక్కే నేలలో పాతేస్తే మధ్యాహ్నానికి ఉడికిపోద్ది. కుండ పైకి తియ్యడం కొత్త కోడలికిదే మొదలు.

కాళ్ళకింద నేల వెయ్యి ఎద్దులు రంకేసినట్టు గుర్రుమంది. వితాలినా చేతిలో కుండ లాగే కొక్కెం కర్ర జారిపడింది.

"అత్తా, నావల్ల కాదు. ఇది మనల్ని మింగేస్తది!"

అత్త నవ్వుతూ కొక్కెం తీసిచ్చింది. ఆ చెయ్యి చలిజ్వరమొచ్చినట్టు వణుకుతోంది.

"నీకూ భయమేనా?"

"నలభయ్యేళ్ళుగా రోజూ చస్తున్నానే. మీ మావకే భయమంటే తెలీదు. ఈ గుంటల మీంచి గంతులేసేవాడు. అందుకే ఇప్పుడు ఒంటికాలితో గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు."

వితాలినా ఆ కొక్కెం కర్రతో నేల తట్టి చూసుకుని, అప్పుడు అడుగేసింది.