ఐదింటిలోగా ఓటీపీ

శనివారం సాయంత్రం ఐదింటిలోగా స్వప్న ఒప్పుకోకపోతే, ఆమెకు వచ్చిన ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. జగిత్యాలలోని ఓ ఆసుపత్రి మధ్యాహ్నం పంపిన మెయిల్ సారాంశం అది.

రుద్రంగి శివారులోని ఆమె ఇంటి దగ్గర నెట్ రాదు. మెసేజ్ ఆలస్యంగానైనా చేరుతుంది. అందుకే మూడేళ్లుగా ఆమె మెయిళ్లను కోరుట్లలో ఉండే చిన్నాన్న కొడుకు జాన్ చూసి, ముఖ్యమైనవి మెసేజ్ చేస్తున్నాడు. ఇన్నాళ్లూ ఎక్కువసార్లు రాసింది ‘ఈసారి గూడ రాలే’ అనే.

నాలుగింటికి రాశాడు: “అక్కా, జాబ్ అచ్చింది. నీ ఫోన్‌కు ఓటీపీ అస్తది, జల్ది పంపు.”

జవాబు లేదు. యాభై నిమిషాల్లో తొమ్మిదిసార్లు ఆమె ఫోన్‌కు కొత్త ఓటీపీ పంపించి, తొమ్మిదిసార్లు మెసేజ్ పెట్టాడు.

4:53కి స్వప్న రాసింది: “పత్తి చేన్ల ఉంటి తమ్మీ. సిగ్నల్ కోసం గిప్పుడే గుట్ట ఎక్కిన. గిన్ని మెసేజులా, ఇల్లేమన్న కాలుతుందా? ఓటీపీ 4471.”

4:56కి జాన్ ఆ అంకెలు కొట్టాడు. ఆమె ఒప్పుకున్నట్టు నమోదైంది.

“మరి నీదేమాయె? నువ్వు గూడ గీ జాబ్‌కు రాస్తివి గదా,” అని స్వప్న అడిగింది.

“ఇంకా ఏం రాలే అక్కా.”

మెయిల్ వెంట వచ్చిన జాబితాలో, స్వప్న ఒప్పుకోకపోతే ఉద్యోగం ఇవ్వాల్సిన పేరు జాన్‌దే.

సోమవారం పదింటికి జగిత్యాలలో ఆమె సర్టిఫికెట్లు చూస్తారు. కోరుట్ల బస్టాండు నుంచి జాన్ బండి మీద తీసుకెళ్తాడు.